మంచివి మాత్రమే చదువు

"మంచివి మాత్రమే చదువు," అన్నాడు స్టీవెన్.

సోమవారం పొద్దున ఏడున్నర. ఉగ్గానికి బొరుగులు నీళ్లలో వేసి పిండుతున్నాను. బొరుగులు ముంచిన వెంటనే తీసెయ్యాలి, ఒక్క నిమిషం ఏమరుపాటైతే ముద్దయిపోతాయి. కుడిచెయ్యి గిన్నెలో, ఎడమచెయ్యి ఫోన్ మీద. నా మొగుడు కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుని, శనివారం సాయంత్రం కాలేజీ మైదానంలో జరిగిన తన బ్యాండు వీడ్కోలు కచేరీ గురించి అభిమానులు ఏమంటున్నారో వినడానికి సిద్ధంగా ఉన్నాడు. తనే చదువుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చదవలేడు. మా బళ్లారి తెలుగువాళ్లలో చాలామంది కన్నడ బడిలో చదువుకున్నవాళ్లే. తెలుగు మాట్లాడతారు, రాయాల్సి వస్తే ఆ తెలుగునే కన్నడ అక్షరాల్లో రాస్తారు. స్టీవెన్ ఇంగ్లీషు మీడియం. కన్నడ అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివే ఓపిక అతనికి లేదు. అందుకని అభిమానుల ప్రేమ పదకొండేళ్లుగా నా నోటి మీదుగానే అతని చెవిన పడుతోంది.

"'అన్నా, ఆఖరు పాటకు మా ఇంటాయన ఏడ్చినాడు. పెండ్లయినంక ఆయన కండ్లలో నీళ్లు నేను చూసింది ఇదే మొదలు.'"

"ఇంగోటి."

"'కెంధూళి లేకపోతే ఇంగ మేము శనివారాలు ఏం చేసేది అన్నా?'"

"ఇంగోటి."

"'పాటలు అయిపాయె, పర్వాలేదు. జవాబులు మాత్రం ఆపొద్దన్నా.'"

"చూసినావా యూనీస్," అన్నాడు గుండెల మీద చెయ్యి వేసుకుని. "నేనంటే ఎంత ప్రాణమో జనానికి."

నేను బొరుగులు కొంచెం గట్టిగానే పిండాను.

కెంధూళి అంటే కన్నడంలో ఎర్ర దుమ్ము. గనుల లారీలు పోయినప్పుడు లేచి మా ఇళ్ల గోడల మీద, ఉతికి ఆరేసిన బట్టల మీద కూర్చునే దుమ్ము. ఆ పేరు పెట్టుకుని నలుగురు మొగవాళ్లు, చర్చి యువజన సంఘం గిటారూ డ్రమ్ములూ పట్టుకుని బ్యాండు మొదలుపెట్టారు. సినిమా పాటలు పాడకూడదని ఒట్టు పెట్టుకున్నారు. సొంత పాటలు, సగం తెలుగు, సగం కన్నడం. బాగా పాడేవాళ్లు, ఆ మాట కాదనను. స్టీవెన్ గొంతు ఎత్తితే ఇప్పటికీ నా ఒళ్లు గగుర్పొడుస్తుంది, కోపంలో ఉన్నా సరే. సత్యనారాయణపేటలో మా ముందుగదే వాళ్ల ప్రాక్టీసు హాలు. ప్రతి శనివారం ఎనిమిది గ్లాసుల టీ, గిన్నెడు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. వాళ్లు పోయాక సిగరెట్ల బూడిద ఊడ్చేది, గ్లాసులు కడిగేది, గోల ఎక్కువైందని వచ్చిన పక్కింటివాళ్లకు సర్దిచెప్పేది నేను. ఒకసారి నడుం పట్టేసి బజ్జీలు చేయలేకపోతే స్టీవెన్ అన్న మాట ఇంకా గుర్తుంది. "నీకేమప్పా, టికెట్ లేకుండా పాటలు వింటాండావు." మా అత్త సౌభాగ్యమ్మ పాస్టరు గారి భార్య. ముప్పై ఏళ్లు మూడు సంఘాల్లో అందరికీ పాస్టరమ్మే కానీ సౌభాగ్యమ్మ ఎవరికీ కాలేదు. ఆమె మాట ఇంకొకటి. "మీ మామ వాక్యం చెప్తాంటే నేను వెనక అన్నం వండలేదా? నోరెత్తినానా?"

ఇంటర్నెట్లో బ్యాండు పేజీ నా చేతికి ఎట్లా వచ్చిందంటే, అదీ స్టీవెన్ అన్న ఒక మాటతోనే. "నీకు టైపింగ్ వచ్చు గదా, జనం ఏమన్నా రాస్తే థ్యాంక్స్ అని కొట్టేయ్, సుమ్నే, ఊరికే రెండు నిమిషాల పని." నేను ఒక ప్రైవేటు బడి ఆఫీసులో క్లర్కుని. అక్కడ కూడా ఉత్తరాలు నేను రాస్తాను, సంతకం ఇంకొకరు పెడతారు. 'మీ డ్రాఫ్టింగ్ ఎంత బాగుంటుంది సార్' అని తనిఖీకి వచ్చినవాళ్లు మా సారును పొగుడుతుంటే వాళ్లకు బిస్కెట్ల ప్లేటు అందిస్తూ నిలబడ్డాను నేను. అలవాటైపోయింది. ఇంకొకరి పేరుతో రాయడం నాకు తప్పుగా కూడా తోచలేదు మొదట్లో.

కానీ థ్యాంక్స్ అని కొట్టేయడం నాకు చేతకాలేదు. దానికి మా అమ్మే కారణం. మా అమ్మ మిషన్ బైబిల్ స్త్రీ. సిరుగుప్ప వైపు పల్లెలన్నీ నడిచి, ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ల కష్టం విని, వాళ్ల కోసం ప్రార్థన చేసి రావడం ఆమె పని. ఆమె సంచిలో బైబిలుతో పాటు ఒక మనవుల పుస్తకం ఉండేది. ఒక్కొక్క వరుసకు మూడు గడులు. మొదటి గడిలో పేరు, ఊరు. రెండో గడిలో కష్టం. మూడో గడిలో మళ్లీ ఎప్పుడు పోయి అడగాలో ఆ తేదీ. "ప్రార్థన చేస్తి అని ఊరికే ఉంటే అది ప్రార్థన గాదు పాపా," అనేది. "మళ్లా పోయి అడగల్ల. మోకాలు ఎట్లుండాది, పిల్లోడు తిరిగొచ్చినాడా అని అడగల్ల." ఆ మూడో గడి తప్పడం మా ఇంట్లో అబద్ధమాడటంతో సమానం.

అభిమానులు మొదట పాటల గురించే రాసేవాళ్లు. తర్వాత ఆ పాట ఎందుకు నచ్చిందో రాసేవాళ్లు. ఎందుకు నచ్చిందో చెప్పడమంటే కష్టం చెప్పుకోవడమే కదా. మోక ఊళ్లో హొన్నప్ప అని ఒక లారీ డ్రైవరు, మోకాలు పట్టేసి బండి నడపలేక ఇంట్లో పడి ఉన్నాడు. రాత్రి డ్యూటీ నర్సు ఒకామె, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడదు, మాతో మాట్లాడేది. నేను జవాబు రాసి, నోటుబుక్కులో మూడు గడులు గీసి ఎక్కించుకుని, రెండు వారాలకు మళ్లీ అడిగేదాన్ని. 'మోకాలు ఎట్లుండాదప్పా?' అని. ఒక రాక్ బ్యాండు తన మోకాలు గుర్తుపెట్టుకుని అడుగుతుందని ఏ డ్రైవరు అనుకుంటాడు? పద్దెనిమిది వేలమంది పేజీలో చేరారు. నోటుబుక్కులు ఏడు నిండాయి.

తెక్కలకోట భూమిక ఐదో నోటుబుక్కులో ఉంది. రెండేళ్ల కిందట వడ్లు నూర్చే మిషన్లో ఆ పిల్ల కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. డిగ్రీ మొదటి సంవత్సరం. రాయలేని చేతికి చదువెందుకని ఇంట్లో మాన్పించబోయారు. 'అన్నా, నాకు బతకబుద్ధి గావడంలేదు' అని రాసింది. ముందు ఆ పిల్ల ఊళ్లోనే ఉన్న వాళ్ల టీచరుకు ఫోన్ చేయించి, ఇంటికి మనిషిని పంపించి, తర్వాత రాశాను. 'ఎడంచేత్తో దినానికి ఒక్క వాక్యం రాసి ఫోటో పంపు. వంకరగా ఉంటే ఉండనీ. చూసేది నేనొక్కనే.' రాస్తున్నది స్టీవెన్ పేరుతో కాబట్టి 'నేనొక్కనే' అని రాయాల్సి వచ్చింది. ఆ పిల్ల పంపింది. మొదటి రోజు అక్షరాలు చీమలు పాకినట్టు ఉన్నాయి. వందో రోజుకు నిలబడ్డాయి. డిగ్రీ ఆఖరు పరీక్షలు ఎడంచేత్తోనే రాసింది. ఫలితాలు ఎప్పుడో మూడో గడిలో రాసుకున్నాను. ఆ తేదీ శనివారమే, కచేరీ రోజే.

కచేరీలో నేను ఎక్కడున్నానో చెప్పనక్కర్లేదు. స్టేజి వెనక, ఉగ్గాని గంగాళం దగ్గర. వచ్చినవాళ్లకు కడుపు నింపి పంపాలని స్టీవెన్ ఉదారంగా మైకులో చెప్పాడు, మా అత్తా నేనూ మధ్యాహ్నం నుంచి ఉల్లిపాయలు తరిగాం. గిటారు వాయించేవాడికి బెంగళూరులో ఉద్యోగమొచ్చింది, ఇంకొకడికి చెవులు దెబ్బతిన్నాయి, డ్రమ్ములు వాయించే టైటస్, అంటే మా ఆయన చిన్నాన్న కొడుకు, ఇళ్ల సైట్ల వ్యాపారంలో దిగాడు. అందుకని వీడ్కోలు. ఆఖరు పాటకు ముందు స్టీవెన్ మైకు పట్టుకుని దేవునికి, వాళ్లమ్మకు, మైకుసెట్టు ఆయనకు, జనరేటరు ఆయనకు థ్యాంక్స్ చెప్పాడు. "ఇంట్లోవాళ్లకు కూడా," అన్నాడు. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "మీరు రాసిన ప్రతి మెసేజికీ నేనే కూర్చోని జవాబు రాసినా. మీ ఒక్కొక్కరి కష్టం నాకు తెలుసు," అన్నాడు. జనం ఈలలు వేశారు, ఏడ్చారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంట్లో నా పని తనదని అనుకోవడం వేరు, ఇంతమంది ముందు మైకులో అనడం వేరు. ఒళ్లు మండిపోయింది నాకు.

పాటలయ్యాక, మా గంగాళానికి మాటలు వినబడేంత దూరంలోనే, అభిమానులు అతని చుట్టూ మూగారు. ఒక సన్నటి అమ్మాయి ఎడమచేత్తో కార్డు పట్టుకుని నిలబడింది. తన వంతు వచ్చాక "అన్నా, నేను భూమిక," అంది. స్టీవెన్ కార్డు తీసుకుని పక్కన కుప్పలో పెట్టి, "థ్యాంక్స్ మా. ఏ ఊరు మీది?" అన్నాడు. ఆ పిల్ల మొహం మాడిపోయింది. పక్కకు జరిగి, జనంతో పాటు నడిచి మా గంగాళం దగ్గరికి వచ్చింది. ప్లేటు ఎడమచేత్తో అందుకుంది. కుడిచేయి చున్నీలో దాచుకుంది.

అప్పుడే తప్పు చేశాను. బైబిల్ స్త్రీ కూతురు మాత్రమే చేసే తప్పు. మనవుల పుస్తకంలోని మనిషి ఎదురుగా నిలబడి, అడగాల్సిన తేదీ ఆ రోజే అయితే, అడగకుండా ఉండటం నా వల్ల కాదు. "భూమికా, రిజల్ట్ వచ్చెనా?" అన్నాను.

ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని చూసింది. "మీకెట్ల తెలుసక్కా?"

"అన్న చెప్పినాడు," అన్నాను. అబద్ధం ఎంత తొందరగా వచ్చిందంటే, నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. పిల్ల తినకుండానే ప్లేటు గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇదంతా జరిగి రెండు రోజులు. ఇప్పుడు సోమవారం పొద్దున ఉగ్గానికి తిరగమాత వేస్తుంటే టైటస్ వచ్చాడు. మా అత్త వాడికి కుర్చీ వేసింది.

"వదినా, పేజీ పాస్‌వర్డు ఇయ్యల్ల," అన్నాడు. "బ్యాండ్ ఖతం గదా. పేరు మార్చేస్తాండాం. మోక రోడ్డులో నా లేఔటు పేరు పెడతాం, సైట్లు అమ్మల్ల. పద్దెనిమిది వేలమంది రెడీగా ఉండారు, యాడ దొరుకుతారు ఇంతమంది?"

"స్టీవెన్ ఫోటో పెడితే నమ్ముతారు," అన్నాడు టైటస్ మళ్లీ. స్టీవెన్ తలూపాడు. తర్వాత నా వైపు తిరిగి ఎంతో సహజంగా అన్నాడు. "నీ నోట్‌బుక్కుల్లో ఎవరు బాడుగింట్లో ఉండారో, ఎవరికి ఇల్లు లేదని ఏడుపుందో రాసుకొని ఉంటావు గదా. ఆ లిస్టు తీసి టైటస్‌కియ్యి. వాళ్లకు ముందు చెప్తాడు. జవాబులు నువ్వే రాయి, నీకు అలవాటే."

"సాయంత్రం వస్తా వదినా," అని టైటస్ ఉగ్గాని తిని పోయాడు.

మళ్లీ ఫోన్ చూస్తే భూమిక నుంచి ఒక ఫోటో వచ్చి ఉంది. రూళ్ల కాగితం, ఎడమచేతి రాత, కన్నడ అక్షరాల్లో తెలుగు.

'అక్కా, అన్న చెప్పినాడని అబద్ధం చెప్తిరి. అన్నకు నేనెవరో తెలీదు. నా వంకర అక్షరాలు ముందుగా చూసిన మనిషి మీరే. రిజల్ట్ వచ్చింది. ఇంగా ఎవరికీ చెప్పలేదు. నాకు జవాబు రాసిన మనిషికే ముందు చెప్పల్లని ఉండాది. మీ పేరేంది?'

"ఏంది, ఆగిపోయినావు? ఏం రాసినారు?" అన్నాడు స్టీవెన్.

"ఇది మంచిది గాదులేప్పా," అన్నాను. ఫోన్ పర్సులో వేసుకుని ఆఫీసుకు బయలుదేరాను.

దారి పొడుగునా నాతో నేను పోట్లాడాను. మోసం చేసింది స్టీవెన్ ఒక్కడేనా? 'నేనొక్కనే' అని మగవాడిలా రాసింది నా వేళ్లే కదా. నా జవాబులకు మెచ్చుకోలు అతనికి పోతుంటే లోపల్లోపల గర్వపడ్డాను కూడా, అతనికి నేను లేకపోతే ఏముందని. ఆ గర్వం దొంగగర్వం. ధైర్యముంటే పేరు పెట్టేదాన్ని. మా అమ్మ మండుటెండలో ముప్పై ఊళ్లు నడిచినా మిషన్ రిపోర్టులో ఆమె పేరు ఎక్కేది కాదు, 'బైబిల్ స్త్రీలు: నలుగురు' అని ఉండేది. ఆ నలుగురిలో ఒకతె కూతురు ఇంట్లోవాళ్లలో ఒకతె అయింది. ఇప్పుడు ఆ ఇంట్లోవాళ్లలో ఒకతెను జనం ఏడుపుల లిస్టు తీసియ్యమంటున్నారు. ఇల్లు లేదని నాకు చెప్పుకున్న మనిషికి సైటు అమ్మమంటున్నారు. నా పేరు పోతే పోనీ అనుకున్నాను ఇన్నాళ్లు. వాళ్ల కష్టం నాది కాదు, పంచిపెట్టడానికి. అది నా చేతిలో పెట్టి నమ్మి పోయినవాళ్లది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయకుండా పేజీలో రాశాను. కన్నడ అక్షరాల్లో, తెలుగులో. డ్రాఫ్టు చేయలేదు, దిద్దలేదు.

'ఈ పేజీలో పదకొండేండ్లుగా మీకు జవాబు రాసింది స్టీవెన్ కాదు. పాటలు వాళ్లవి, జవాబులు నావి. నా పేరు యూనీస్. నేను స్టీవెన్ భార్యను. మొన్న మీకు ఉగ్గాని పెట్టింది నేనే. ఇంకొకరి పేరుతో రాసి మిమ్మల్ని నమ్మించినాను, ఆ తప్పు నాది, క్షమించండి. ఈ పేజీని సైట్లు అమ్మడానికి ఇవ్వమని అడుగుతాండారు. ఇవ్వను. మీరు చెప్పుకున్నది ఇంకెవరి చేతికీ పోదు. ఇంకమీద ఈడ పాటలుండవు. రాయాలనుకునేవాళ్లు రాయండి. జవాబు రాస్తా, నా పేరుతో.'

మొదటి మాట ఎవరిదో తెలియనివాడిది. 'మొగుని పరువు తీసే ఆడది.' రెండోది, 'ఆడదానికా నేను నా సంగతులన్నీ చెప్పుకొనింది? సిగ్గు పోయింది.' మూడో మనిషి పేజీ వదిలి పోయాడు. నర్సు ఒక్క ముక్క రాసింది. 'ఆడమనిషి అని నాకెప్పుడో తెలుసు. మొగోడు యాడన్నా రెండోసారి అడుగుతాడా?' మోక హొన్నప్ప గొంతు రికార్డు చేసి పంపాడు. "చెల్లెమ్మా, నువ్వేనా మోకాలు గురించి అడిగింది? ఇప్పుడు బాగుండాది. బండెక్కినా." తిట్లూ ఉన్నాయి, ఏడుపులూ ఉన్నాయి. నేను ఒక్కటీ దాటేయకుండా అన్నీ చదివాను. భూమిక కాగితం మూడు గంటలకు వచ్చింది.

'యూనీసక్కా, పాసయినా.'

ఆఫీసు బాత్రూములో తలుపు వేసుకుని ఏడ్చాను. దుఃఖంతో కాదు. నా పేరు పక్కన అక్క అని ఎడమచేత్తో ఎవరో రాసినందుకు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి టైటస్ కుర్చీలో, స్టీవెన్ నిలబడి ఉన్నారు. ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు.

"ఏం రాసినావు నువ్వు?" అన్నాడు స్టీవెన్. "జనం ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండారు. నన్ను బజార్లో నిలబెట్టినావు గదా."

"నువ్వు స్టేజి మీద నిలబడి నేనే రాసినా అంటివి. నేను నిజం రాసినా."

"వదినా, మనలో మనకు ఎందుకు, పాస్‌వర్డు ఇచ్చేయ్," అన్నాడు టైటస్.

"ఇయ్యను టైటస్. నీ లేఔటుకు నువ్వే జనాన్ని వెతుక్కో."

మా అత్త గుమ్మంలో నిలబడి వింటోంది. ఇక మొదలుపెడుతుంది, పాస్టరమ్మగా తను నోరెత్తని ముప్పై ఏళ్ల సంగతి, అనుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, నా ఫోన్ వైపు వేలు చూపించింది.

"ఉగ్గాని పెట్టింది నువ్వని రాసినావంట," అంది. "పెట్టింది నువ్వు. కలిపింది నేను గదా. సౌభాగ్యమ్మ అని రాయి."

నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అక్కడే రాశాను. రాసి చూపిస్తే, ఆ పేరును ఆమె రెండుసార్లు చదువుకుంది.

టైటస్ లేచి పోయాడు. స్టీవెన్ ఆ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకూ జనం ఏమంటాండారు?"

పదకొండేళ్ల అలవాటు, నా నోరు తెరుచుకోబోయింది. మూసుకున్నాను. ఫోన్ అతని చేతిలో పెట్టి, "నువ్వే చదువుకోప్పా," అన్నాను. "మంచివీ చెడ్డవీ అన్నీ చదువు."

అతను కన్నడ అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. పేజీలో ప్రతి వరుసకూ ఒకటే పేరు తగులుతోంది. "యూ... నీ... స్," అంటున్నాడు పెదాల కింద, బడిపిల్లాడి మాదిరి.

నేను బీరువాలోంచి ఎనిమిదో నోటుబుక్కు తీశాను. మొదటి పేజీలో మూడు గడులు గీశాను. మొదటి గడిలో 'స్టీవెన్, సత్యనారాయణపేట' అని రాశాను. రెండో గడిలో 'తనది కాని పేరు పోయిందని బాధ' అని రాశాను. మూడో గడి దగ్గర కలం ఆగింది. మా అమ్మ గుర్తొచ్చింది, కానీ ఈసారి మళ్లీ పోయి అడగాల్సింది నేను కాదు. మళ్లీ ఎప్పుడు అడగాలో ఆ తేదీ రాయాల్సిన చోట ఏమీ రాయకుండా పుస్తకం మూసేశాను.